సగం మైదా కలిపితే ఇక కొన్నదెందుకు? హోల్ గ్రెయిన్ పాన్‌కేక్ మిక్స్: అపోహలు - వాస్తవాలు

"అక్కా, ఇందులో కొంచెం మైదా కలుపుకోవచ్చా?"

హనుమకొండలో మా పిండి గిర్నికి వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఇదే ప్రశ్న. గోధుమ, జొన్న, రాగి పొట్టు తీయకుండా, అంటే హోల్ గ్రెయిన్‌గానే పట్టించి, బేకింగ్ పౌడర్, ఉప్పు, కొద్దిగా బెల్లం పొడి కలిపి పాన్‌కేక్ మిక్స్ (మందంగా, మెత్తగా వేసుకునే అట్ల పిండి) అమ్ముతాం. కొన్నవాళ్ళకు మొదటిసారి గట్టిగా వస్తుంది. పిల్లలు ఒక ముక్క కొరికి పక్కన పెడతారు. పక్కింటావిడో, యూట్యూబ్‌లో ఇంకెవరో మైదా కలపమంటారు. కలిపితే మెత్తగా వస్తుంది. అంతే, ఆ ఇంట్లో ఇక ప్రతిసారీ సగానికి సగం మైదానే.

కొందరు అడగను కూడా అడగరు. కలిపేసి, "ఇప్పుడు మంచిగ వస్తున్నయక్కా" అని సంతోషంగా చెప్తారు. నాకేమో ఆ ఇంట్లో షుగరున్న పెద్దాయన గుర్తొస్తాడు. ఆయన కోసమే కదా మైదా కంటే ఎక్కువ రేటు పెట్టి ఇది కొన్నది!

అపోహ: మైదా లేనిదే మెత్తగా రాదు

వస్తుంది. ఈ ఒక్క ముక్క అందరికీ ఎక్కితే చాలు, మిగతావన్నీ చిన్న విషయాలు.

గోధుమ గింజలో పైన పొట్టు, ఒక మూల మొలక, లోపల తెల్లటి పిండి భాగం ఉంటాయి. మైదా అంటే ఆ లోపలి తెల్లది మాత్రమే. పాలు పోసి కలపగానే తడిసిపోతుంది. పొట్టు అట్లా తడవదు. అది మైదా కంటే ఎక్కువ నీళ్ళు తాగుతుంది, పైగా నిదానంగా తాగుతుంది. అసలు తిప్పలంతా ఈ నిదానం దగ్గరే.

కలిపిన వెంటనే చూస్తే పిండి పలుచగా కనిపిస్తుంది. కంగారుపడి ఇంకో రెండు చెంచాల మిక్స్ వేస్తారు. ఆ తర్వాత అది బిగుసుకుంటుంది. లేదా వెంటనే పెనం మీద పోసేస్తారు. అప్పటికి పొట్టు ఇంకా పొడిగానే ఉంటుంది. పెనం మీద ఒకవైపు తడి ఆవిరైపోతుంటే, మరోవైపు పొట్టు ఉన్న కాస్త తడినీ పీల్చుకుంటుంది. పళ్ళకింద రవ్వ తగులుతుంది, అంచులు ఎండిపోతాయి, నడుమ బంకబంకగా ఉంటుంది. చివరికి తప్పంతా పిండి మీద పడుతుంది.

కాజీపేటలో ఒక ఇంటికి నేనే వెళ్ళాను. ఆ అమ్మాయి మామగారికి కొత్తగా షుగర్ బయటపడింది. ఇంట్లో అందరికీ టెన్షన్. అత్తగారు నన్ను చూడగానే, "ఏం పెట్టాల్నో తెలుస్తలేదు బిడ్డా. అన్నం వద్దంటరు, ఇదేమో ఆయన నమలలేకపోతున్నడు" అంది. నువ్వెట్లా చేస్తున్నావో ముందు చూపించమని కోడలితో అన్నాను. ఆ అమ్మాయి పిండిలో పాలు పోసింది, మిక్సీలో గిర్రున తిప్పింది. పెనం పొగలు కక్కుతోంది. దాని మీద గరిటెడు పోసి, గరిటె అడుగుతో గుండ్రంగా పలుచగా తిప్పింది. నిమిషంలో అడుగు నల్లబడింది. తిప్పేసి అట్లకాడతో గట్టిగా ఒత్తింది. చెయ్యి తిరిగిన దోశ చేసింది, పాపం. పిండి మాత్రం దోశ పిండి కాదు.

మన దగ్గర సర్వపిండి చేయని ఇల్లుందా? పిండి ముద్దను గిన్నెకు అద్ది, వేలితో చిల్లులు పెట్టి, నూనె చుక్కలు వదిలి, మూత పెట్టి సన్న మంట మీద వదిలేస్తాం. మధ్యలో ఎవరూ తొందరపెట్టరు. ఈ పాన్‌కేక్‌కు కూడా అదే ఓపిక కావాలని అత్తగారితో అంటే, ఆమె కోడలి కంటే ముందే అందుకుంది. "గట్లనా! మరి ముందుగాల చెప్తే అయిపోవు గద" అని స్టవ్ మంట తానే తగ్గించింది.

అదే మిక్స్‌ను రెండు గిన్నెల్లో కలిపించాను. ఒకదాన్ని వెంటనే పోయించాను, రెండోదాన్ని పావుగంట మూత పెట్టి ఉంచాను. రెండో గిన్నెలో గరిటె ముంచితే తేడా అక్కడే తెలిసింది. పిండి కాస్త ఉబ్బి, పైన సన్న బుడగలు కట్టి, చెంచాకు పట్టుకుని నిదానంగా జారింది. మామగారు రెండో గిన్నెలోవే తిన్నారు. మైదా డబ్బా అల్మారా దాటి రాలేదు.

చేయాల్సింది ఇంతే. కప్పు మిక్స్‌కు ముప్పావు కప్పుతో మొదలుపెట్టి కప్పు దాకా పాలు గానీ పలుచని మజ్జిగ గానీ, చెంచా నూనె. గుడ్డు తినేవాళ్ళు ఒక గుడ్డు. తిననివాళ్ళు చెంచా అవిసె గింజల పొడిని మూడు చెంచాల నీళ్ళలో నానబెట్టి వేసుకోండి. కంపెనీని బట్టి కొలతలు మారుతాయి, ప్యాకెట్ మీద వేరేగా ఉంటే ముందు దాన్నే నమ్మండి. కలిపి, పది పదిహేను నిమిషాలు వదిలేయండి. పలుచనా చిక్కనా అని చూడాల్సింది ఆ తర్వాతే, ముందు కాదు. ఇడ్లీ పిండికి కాస్త పలుచగా, దోశ పిండికి కాస్త చిక్కగా ఉంటే సరి. మరీ బిగిస్తే రెండు చెంచాల పాలు పోయండి.

పెనం మీద నాలుగు నీటి చుక్కలు చల్లండి. గుండ్రంగా అయి పరుగులు తీస్తే అది దోశ వేడి, మంట తగ్గించి కాసేపు ఆగండి. పడ్డచోటే సుయ్యిమని ఆవిరైతే పోసుకోవచ్చు. గరిటెడు పోసి వదిలేయండి, తిప్పొద్దు. అది తనంతట తానే ఎంత పరుచుకుంటే అంత. మంట సన్నగా పెట్టి, మొదటి వైపు మూత వేయండి. మైదా పాన్‌కేక్‌కు వచ్చినట్టు పైన బోలెడు బుడగలు రావు. వాటి కోసం చూస్తూ కూర్చుంటే అడుగు మాడుతుంది. అంచుల దగ్గర తడి మెరుపు పోయిందా, అట్లకాడ దూర్చితే చినగకుండా లేస్తుందా చూడండి. తిప్పాక ఒత్తొద్దు. లోపల కట్టిన గాలి కాస్తా ఒత్తితే పోతుంది. ఇనుప పెనం అయితే మూడో నాలుగో అట్టు దగ్గరికి వచ్చేసరికి వేడెక్కిపోతుంది, మంట ఇంకొంచెం తగ్గించుకోవాలి.

ఇంత చేసినా మైదాతో చేసినంత దూదిలా రాదు, అబద్ధం చెప్పను. జొన్న, రాగి రుచి తెలుస్తూనే ఉంటుంది. మెత్తగా మాత్రం వస్తుంది.

మైదా కలిపితే పోయేదేంటో కూడా చెప్తాను. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల గోధుమ పిండిలో పీచు 11 గ్రాముల పైనే ఉంటుంది. రాగుల్లోనూ దాదాపు అంతే. మైదాలో 3 గ్రాముల లోపు. సగం సగం కలిపితే పీచు ఏడు గ్రాముల దగ్గరికి పడిపోతుంది. మీరు డబ్బు పెట్టింది ఆ పోయిన నాలుగు గ్రాముల కోసమే.

అపోహ: ఇంకొంచెం సోడా వేస్తే పొంగుతుంది

మిక్స్‌లో పొంగడానికి కావలసింది ముందే ఉంది. పైన ఇంకా వేస్తే సబ్బు రుచి వస్తుంది, రంగు ముదురుతుంది, అట్టు పొంగి మళ్ళీ కూలుతుంది. బీపీ ఉన్నవాళ్ళకు ఆ సోడియం అదనపు బరువు. ఒక చిన్న సంగతి మాత్రం చూసుకోండి. లేబుల్ మీద బేకింగ్ పౌడర్ ఉంటే పావుగంట ఆగినా ఏం కాదు, ఎక్కువ గ్యాస్ వేడి తగిలాకే వస్తుంది. ఉత్త వంట సోడానే ఉంటే పిండిని పాలతో నాననిచ్చి, పెరుగు గానీ మజ్జిగ గానీ పెనం ఎక్కించే ముందు కలపండి. పులుపు తగలగానే సోడా పని మొదలుపెడుతుంది, ఆగదు. ఏదైనా సరే, కలిపిన పిండిని రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున పోస్తే చప్పబడుతుంది.

లేబుల్ మీద ఐఎన్‌ఎస్ 500 అని చూసి "కెమికల్ కలిపారు" అంటూ వాట్సాప్‌లో ఫోటోలు తిప్పేవాళ్ళకు ఒక దండం. అది వంట సోడాకు ఇచ్చిన నంబరే నాయనా. సాయంత్రం చౌరస్తాలో తిన్న మిర్చి బజ్జీలో ఏముందనుకున్నావు?

అపోహ: ఉండలు లేకుండా బాగా గిలక్కొట్టాలి

గోధుమలో గ్లూటెన్ అనే సాగే ప్రోటీన్ ఉంది. ఎంత కొడితే అంత సాగి, అట్టు రబ్బరవుతుంది. చెంచాతో పొడి కనిపించనంత వరకు కలిపి ఆపేయండి. చిన్న చిన్న ఉండలు నానేటప్పుడు అవే విడిపోతాయి. గోధుమ అసలే లేని జొన్న, రాగి మిక్స్ అయితే కథ వేరు. అందులో పట్టి ఉంచే గ్లూటెన్ లేదు కాబట్టి తిప్పేటప్పుడు విరుగుతుంది. జొన్న రొట్టెకు మరిగే నీళ్ళు పోసి పిండి కలపడం అందుకే. పాన్‌కేక్‌కు మరిగే నీళ్ళు పోయలేం, కాబట్టి గుడ్డో, అవిసె పొడో, మెదిపిన అరటిపండో తప్పనిసరి.

అన్నట్టు, గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బున్నవాళ్ళు "మిల్లెట్" (చిరుధాన్యం) అనే మాట చూసి కొనేయకండి. లోపల గోధుమ ఉందేమో చదవండి. మా మిక్స్‌లో ఉంది, అది వాళ్ళకు పనికిరాదు.

అపోహ: షుగర్ ఉన్నవాళ్ళు ఎన్నైనా తినొచ్చు

ఇది వినగానే నాకు నిజంగా భయమేస్తుంది. పీచు ఉంటే చక్కెర రక్తంలోకి కాస్త నిదానంగా చేరుతుంది, అంతే. జొన్నైనా, రాగైనా, గోధుమైనా అందులో ఎక్కువ ఉండేది పిండి పదార్థమే. పైగా గింజను మెత్తగా పట్టించాక అది గింజగా ఉన్నప్పటి కంటే తొందరగా అరుగుతుంది. మిల్లెట్ తింటే మందులు మానేయొచ్చని ప్రచారం చేసేవాళ్ళ మీద నాకు గౌరవం లేదు. మందు సంగతి డాక్టర్ చెప్పాలి, గిర్ని వాళ్ళు కాదు.

కొత్తగా షుగర్ వచ్చినవాళ్ళు మా దగ్గరికి వచ్చేసరికి సగం భయంలో, సగం ఆశలో ఉంటారు. వాళ్ళకు నేను చెప్పేది రెండు చిన్న అట్లు, పక్కన ఒక గుడ్డో, పెసర మొలకలో, కాస్త పెరుగో. తిన్నాక రెండు గంటలకు మీటర్ పెట్టి చూసుకోండి. మీ ఒంటికి ఎంత పడుతుందో మీటరే చెప్తుంది. తేనె, బెల్లం పాకం పైన పోసి "చక్కెర వేయలేదు" అంటే కుదరదు. మేడారంలో అమ్మవార్లకు ఇచ్చే బెల్లం మనకు బంగారమే. షుగర్ మీటర్‌కు అది చక్కెరే.

అపోహ: గోధుమరంగులో ఉంటే, మల్టీగ్రెయిన్ అని రాస్తే హోల్ గ్రెయిన్ అన్నట్టే

ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపినప్పటి నుంచి ప్రతి ప్యాకెట్ మీదా కంకి బొమ్మే. ప్యాకెట్ తిప్పి వెనక చూడండి. ఏది ఎక్కువ బరువుంటే దాన్ని ముందు రాయాలన్నది నిబంధన. మొదటి పేరు మైదా, లేదా "రిఫైన్డ్ వీట్ ఫ్లోర్" అయితే ముందు వైపు ఏ బొమ్మ ఉన్నా అది మైదా మిక్సే. రంగు బెల్లంతోనూ వస్తుంది, కోకోతోనూ వస్తుంది.

అపోహ: పొడి పిండే కదా, ఎన్నాళ్ళైనా ఉంటుంది

మైదా చాన్నాళ్ళు ఉంటుంది. ఇది అన్నాళ్ళు ఉండదు. మొలకలో నూనె ఉంటుంది కాబట్టి పట్టించిన దగ్గరి నుంచి అది కనరెక్కడం మొదలవుతుంది. సజ్జ కలిసిన మిక్స్ అన్నిటికంటే తొందరగా చేదెక్కుతుంది. మన ఓరుగల్లు ఎండల్లో స్టవ్ పక్క అరలో పెడితే ఇంకా తొందర. చిన్న ప్యాకెట్ కొనండి. విప్పాక గాలి చొరని స్టీలు డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. కలిపే ముందు కాసేపు బయట ఉంచండి. పాత నూనె వాసన వచ్చినా, చిటికెడు నాలుక మీద వేసుకుంటే చేదు తగిలినా అది పిల్లలకు పెట్టకండి. డబ్బా అడుగున పాత పిండి ఉండగా దాని మీదే కొత్తది పోయకండి. పాతది ఖాళీ చేసి, డబ్బా కడిగి, బాగా ఆరాకే కొత్త ప్యాకెట్ విప్పండి.