మూడు వందల గ్రాములు ఎక్కడికి పోయాయి?

విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల పాత ఎలక్ట్రానిక్ సామాను అమ్మే కొట్లలో సెకండ్ హ్యాండ్ ప్లేస్టేషన్ 5 (టీవీకి తగిలించి ఆటలు ఆడుకునే సోనీ పెట్టె) కోసం వచ్చినవాళ్లు ముందుగా చేసే పని దాన్ని రెండు చేతులతో ఎత్తి చూడడం. బరువుగా ఉంటే ‘మొదటి మోడల్, గట్టి సరుకు’ అని కళ్లు మెరుస్తాయి. తేలిగ్గా ఉంటే పెదవి విరుస్తారు. బుడితి ఇత్తడి బిందె కొనేటప్పుడు ఈ పద్ధతి నూటికి నూరుపాళ్లు సరైనదే, అక్కడ బరువే సరుకు. గేమ్ కన్సోల్ దగ్గర మాత్రం బరువు చెప్పేది బహు తక్కువ. పైగా అది చెప్పే దాంట్లో సగం అపార్థం.

ఈ నమ్మకం 2021 ఆగస్టులో పుట్టింది. అంతకుముందు ఏడాది నవంబరులో విడుదలైన మొదటి ప్లేస్టేషన్ 5, డిస్కు నడిచే రకం, 4.5 కిలోలుండేది. సోనీ పెద్దగా చాటింపేమీ లేకుండా తెచ్చిన సవరించిన మోడల్, వెనక సీఎఫ్ఐ-1100 అని రాసి ఉండేది, 4.2 కిలోలే తూగింది. విప్పి చూస్తే తగ్గిన బరువులో ఎక్కువ భాగం హీట్ సింక్‌లోదే. చిప్ వేడిని లాగి గాలికి అప్పగించే ఆ లోహపు దిమ్మ కళ్లకు కనిపించేంతగా చిక్కిపోయింది. పేరున్న యూట్యూబర్ ఒకరు వెనక నుంచి వచ్చే గాలిని కొలిచి, పాతదానికంటే మూడు నుంచి ఐదు డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉందని, కాబట్టి కొత్తది నాసిరకమని తేల్చేశారు. ఆ మాట మన జిల్లా దాకా రావడానికి ఎంతోసేపు పట్టలేదు.

బయటికొచ్చే గాలి వేడిగా ఉంటే లోపల పరిస్థితి అధ్వాన్నమని అనుకోవడం సహజమే. కానీ భౌతికశాస్త్రం ఒప్పుకోదు. ఆట ఆడుతున్నప్పుడు కన్సోల్ గోడ ప్లగ్గు నుంచి సుమారు 200 వాట్లు తీసుకుంటుందనుకుందాం. అది బరువులు ఎత్తదు, నీళ్లు తోడదు. కాబట్టి తీసుకున్న ప్రతి వాటూ చివరికి వేడిగానే మారుతుంది, ఆ వేడి దాదాపు అంతా ఫ్యాను తోసే గాలితోనే బయటికి పోవాలి. ఫ్యాను సెకనుకు పది లీటర్ల గాలి తోస్తుంటే ఆ గాలి బరువు పదకొండున్నర గ్రాములు. 200 వాట్ల వేడి దాన్ని దాదాపు 17 డిగ్రీలు వెచ్చబరుస్తుంది. ఈ లెక్కలో హీట్ సింక్ ఊసే లేదని గమనించండి. అది బంగారంతో చేసినా, ఇనుముతో చేసినా బయటికొచ్చే గాలి సగటు వేడి అంతే. దాన్ని నిర్ణయించేవి రెండే: ఎన్ని వాట్లు, ఎంత గాలి. ఫ్యాను కాస్త నెమ్మదిగా తిరిగినా, కొలిచే పరికరాన్ని వేడి గాలి ఎక్కువగా తగిలే మూల పెట్టినా మూడు డిగ్రీల తేడా ఇట్టే వస్తుంది.

మరి హీట్ సింక్ చేసే పని ఏమిటి? చిప్‌కీ గాలికీ మధ్య ఎంత తేడా ఉండాలో అది నిర్ణయిస్తుంది. ఇంజనీర్లు దీన్ని ఉష్ణ నిరోధం అంటారు: ఒక్కో వాటుకు చిప్ ఎన్ని డిగ్రీలు పైకి ఎక్కుతుందన్న లెక్క. ఉదాహరణకు అది 0.25 అనుకుంటే, 200 వాట్లకు చిప్ గది వేడికంటే 50 డిగ్రీలు పైన ఉంటుంది. ఇప్పుడు చిన్న హీట్ సింక్ పెట్టి నిరోధాన్ని 0.28కి పెరగనిచ్చారనుకుందాం. అదే సమయంలో చిప్ 175 వాట్లతో సరిపెట్టుకుంటే? గుణించి చూస్తే 49. లోహం తగ్గింది, చిప్ ఒక డిగ్రీ చల్లబడింది. ఎత్తి చూసే చేతులకు ఈ రెండో అంకె తెలిసే అవకాశమే లేదు.

సరిగ్గా ఇదే తర్వాతి ఏడాది జరిగింది. 2022లో వచ్చిన సీఎఫ్ఐ-1200లో చిప్‌ను 7 నానోమీటర్ల పద్ధతి నుంచి 6 నానోమీటర్ల పద్ధతికి మార్చారు; ఈ అంకె ఎంత తగ్గితే చిప్‌లోని భాగాలను అంత చిన్నగా చెక్కుతున్నట్టు. పరిమాణం సుమారు 300 చదరపు మిల్లీమీటర్ల నుంచి 260కి తగ్గింది, కరెంటు వాడకమూ తగ్గింది, మొత్తం బరువు 3.9 కిలోలకు దిగింది. ట్రాన్సిస్టర్, అంటే చిప్‌లోని అతిచిన్న స్విచ్, చిన్నదైతే దాన్ని వెలిగించి ఆర్పడానికి కావలసిన విద్యుదావేశం తగ్గుతుంది, వోల్టేజీ కూడా కాస్త తగ్గించవచ్చు. వోల్టేజీ ప్రభావం వర్గం లెక్కన ఉంటుంది కనుక, పది శాతం తగ్గిస్తే ఆ మేరకు వేడి దాదాపు ఇరవై శాతం పడిపోతుంది. వేడిని తరిమేయడానికి ఎన్ని ఉపాయాలు పన్నినా, అసలు పుట్టనివ్వకపోవడానికి మించినది లేదు.

నడిమి మోడల్, అంటే 1100 సంగతి వేరు. అందులో చిప్ మారలేదు, హీట్ సింక్ మాత్రం తగ్గింది. అది వచ్చిన 2021లోనే, మే నెలలో, అంతర్జాతీయ మార్కెట్లో టన్ను రాగి 10,000 డాలర్లు దాటింది. లక్షల్లో తయారయ్యే పెట్టెలో ప్రతి గ్రాము లోహాన్నీ లెక్కచూసే రోజులవి. అది పొదుపు కోసం చేసిన మార్పేనని నా అభిప్రాయం. అయితే పొదుపు అనగానే నాసిరకం అనుకోనక్కర్లేదు. తర్వాత చిప్, మెమరీ, కరెంటు సరఫరా భాగాల దగ్గరే సెన్సర్లు అతికించి కొలిచినవారికి కొన్ని చోట్ల పాతది, కొన్ని చోట్ల కొత్తది చల్లగా కనిపించాయి. ఆటల వేగంలో తేడా లేదు. మొదటి మోడల్ తయారుచేసేటప్పుడు ఇంజనీర్లు ఎలాగూ కాస్త ఎక్కువే పెడతారు. అనుభవం వచ్చాక ఎక్కడ ఎక్కువైందో తెలుస్తుంది.

తక్కువ పెడితే ఏమవుతుందో మైక్రోసాఫ్ట్‌ను అడగాలి. 2005లో వచ్చిన దాని కన్సోల్ ఎక్స్‌బాక్స్ 360 ముందుభాగంలో మూడు ఎర్ర దీపాలు వెలిగాయంటే పెట్టె మూలన పడ్డట్టే. 2007 జులైలో కంపెనీ వారంటీని మూడేళ్లకు పెంచి, అందుకు వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పక్కన పెట్టింది. అక్కడ చిప్ మాడిపోలేదు. సిలికాన్ వేడెక్కితే కొద్దిగా వ్యాకోచిస్తుంది, అది కూర్చున్న బోర్డు దానికి ఐదారు రెట్లు వ్యాకోచిస్తుంది. ఆన్ చేసినప్పుడల్లా సాగి, ఆపినప్పుడల్లా ముడుచుకుని, మధ్యలో ఉన్న సన్నటి టంకం చుక్కలు అలసిపోయి చిట్లుతాయి. ముందు అదనపు హీట్ పైపు, అంటే వేడిని దూరంగా మోసుకుపోయే గొట్టం, తగిలించారు. నిజమైన మందు మాత్రం చిప్‌లోనే దొరికింది. 90 నానోమీటర్ల నుంచి 65కి, అక్కడి నుంచి 45కి దిగి, 2010 మోడల్‌లో రెండు ప్రధాన చిప్‌లను ఒకటిగా కలిపేశారు. కరెంటు అడాప్టర్ 203 వాట్ల నుంచి 135 వాట్లకు చిన్నదైంది. నింటెండో స్విచ్‌లోనూ అదే కథ: 2019లో చిప్ మార్చగానే బ్యాటరీ కనీస ఆయువు రెండున్నర గంటల నుంచి నాలుగున్నర గంటలకు పెరిగింది.

కరెంటు పోయినప్పుడు ఫ్యాను ఆగిపోతే లోపలి వేడికి చిప్ కాలిపోతుందని మా వైపు చాలామందికి భయం. 2018లో తిత్లీ తుపాను పలాస వైపు స్తంభాలన్నీ కూల్చాక ఈ మాట మరీ ఎక్కువగా వినిపించింది. నిజానికి ఫ్యాను ఆగిన క్షణంలోనే వేడి పుట్టడమూ ఆగిపోతుంది. మిగిలిన వేడి లోహంలో సర్దుకుని మెల్లగా చల్లారుతుంది. మాటిమాటికీ కరెంటు పోయి రావడం వల్ల ఏదైనా నష్టం ఉంటే అది మీ సేవ్ కాని ఆటకూ, నిల్వ చేసిన సమాచారానికీ, కొంతవరకు పైన చెప్పిన టంకం చుక్కలకూ.

ప్లేస్టేషన్ 5 లోపల నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది చిప్‌కీ హీట్ సింక్‌కీ మధ్య ఉండే వెంట్రుకవాసి సందు. ఎంత నున్నగా చెక్కినా రెండు లోహపు ముఖాలు పూర్తిగా అతుక్కోవు, మధ్యలో గాలి చిక్కుతుంది. గాలి రాగి కంటే దాదాపు పదిహేను వేల రెట్లు మందకొడిగా వేడిని మోస్తుంది. అందుకే అక్కడ మామూలుగా బూడిదరంగు పేస్టు రాస్తారు. సోనీ దాని బదులు గాలియం ఆధారిత ద్రవ లోహం వాడింది, ఆ ఏర్పాట్లకు రెండేళ్లకు పైగా పట్టిందని చెప్పింది. గాలియం ఒంటరిగా 29.8 డిగ్రీలకే కరుగుతుంది, మే నెల మధ్యాహ్నం మన ఊళ్లో బల్ల మీద పెడితే దానంతటదే నీరవుతుంది. ఇండియం అనే మెత్తటి లోహం, తగరం కలిపితే అంతకంటే చల్లటి గదిలోనూ ద్రవంగానే ఉంటుంది. వేడిని పేస్టు కంటే ఎన్నో రెట్లు బాగా మోస్తుంది. కాకపోతే కరెంటునూ మోస్తుంది, చుక్క పక్కకు జారితే షార్ట్ సర్క్యూటే. అల్యూమినియానికి తగిలితే దాని స్ఫటికాల మధ్య సందుల్లోకి చొరబడి పెళుసుబారుస్తుంది. అందుకే చుట్టూ గట్టు కట్టినట్టు సీలు వేస్తారు. 2024 నవంబరులో వచ్చిన ప్రో మోడల్‌లో ఆ ద్రవ లోహం తగిలే ముఖం మీద సన్నటి గాడులు చెక్కారు, లోహం ఒక పక్కకు పోగవకుండా నిలకడగా ఉండేందుకు. పెద్ద హీట్ సింక్ గురించి ఊరంతా వాదించుకుంటుంటే అసలు మెరుగుదల ఇలాంటి చోట, తూకానికి అందని చోట జరుగుతోంది.

ఇక మన వాతావరణం. ప్లేస్టేషన్ 5ను 5 నుంచి 35 డిగ్రీల మధ్య వాడాలని దాని చిన్న పుస్తకంలోనే ఉంది. ఏసీ లేని విజయనగరం గదిలో వేసవి మధ్యాహ్నం ఆ గీత దాటడానికి ఎండ పెద్దగా కష్టపడనక్కర్లేదు. ఇందాకటి 50 డిగ్రీల తేడా ఎక్కడికీ పోదు: గది 25 ఉంటే చిప్ 75, గది 38 ఉంటే 88. దాన్ని తగ్గించడానికి ఫ్యాను జోరు పెంచుతుంది. వేగం రెట్టింపయితే గాలి రెట్టింపవుతుంది గానీ, ఫ్యానుకు ఎనిమిది రెట్ల శక్తి కావాలి, మోతా దానికి తగ్గట్టే పెరుగుతుంది. దీనికితోడు టీవీ కింద అద్దాల షోకేసులో కన్సోల్‌ను కుక్కి, పైన కుట్టుపని గుడ్డ కప్పే అలవాటొకటి. అక్కడ వెనక నుంచి వదిలిన గాలినే ముందు నుంచి మళ్లీ పీల్చుకుంటుంది. ఏ సవరించిన మోడల్ అయినా ఆ గుడ్డను ఏమీ చేయలేదు.

రెండోది దుమ్ము. గంటకింత అని తీసుకుని ఆడించే గేమ్ సెంటర్లో ఏడాది నలిగిన పెట్టెను మెకానిక్ విప్పుతున్నప్పుడు పక్కన నిలబడి చూడండి. ఫ్యాను రెక్కల అంచున నల్లటి జిడ్డు గీత ఉంటుంది. దాని వెనక, గాలి హీట్ సింక్ రేకుల మధ్యకు దూరే చోట, బూడిదరంగు దుప్పటి ముక్క లాంటి పొర. చిమటాతో పట్టి లాగితే చిరగకుండా ఒకే ముక్కగా ఊడి వస్తుంది, దాని మీద రేకుల గీతలు వరసగా అచ్చు పడి ఉంటాయి. సోనీ ఈ పెట్టెలో దుమ్ము పోగయ్యే రెండు గూళ్లు పెట్టింది, పై పలక తీసి వాక్యూమ్ క్లీనర్‌తో లాగవచ్చు. ఆ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. బ్లోయర్ కొట్టేటప్పుడు మంచి మెకానిక్ ఫ్యానును వేలితో అదిమి పట్టుకుంటాడు. గాలికి అది గిర్రున తిరిగితే డైనమోలా కరెంటు పుట్టించి బోర్డు మీదికి పంపగలదు.

శ్రీకాకుళం తీరంలో, నౌపడ ఉప్పు మడుల వైపు గానీ కళింగపట్నం వైపు గానీ ఇల్లుంటే ఈ దుమ్ముకు ఉప్పు తోడవుతుంది. ఉప్పుకు ఒక గుణముంది: గాలిలో తేమ 75 శాతం దాటితే దానంతటదే నీరు పీల్చుకుని కరుగుతుంది. సముద్రపు ఒడ్డున ఆ తేమ మామూలే. అంటే బోర్డు మీద పడిన దుమ్ము పొడిగా ఉండదు, కరెంటు పారే చెమ్మపొరగా మారుతుంది. పెట్టె నడుస్తున్నంతసేపూ వేడికి ఆరి ఉంటుంది, నెలల తరబడి వాడకుండా మూలన పెట్టినప్పుడే ఎక్కువ చేటు. తీరంలో ఉన్నవాళ్లు వారానికోసారైనా కాసేపు ఆడడం మంచిదని చెబితే తల్లిదండ్రులు నా మీద కోప్పడవచ్చు, కానీ మాట నిజం.

సెకండ్ హ్యాండ్ కొట్లో మూడు పెట్టెలూ పక్కపక్కన ఉంటే ఇప్పటికీ బరువైన మొదటి మోడల్‌కే కాస్త ఎక్కువ ధర చెబుతారు. నన్నడిగితే వెనక 1200 అని ఉన్నదాన్ని తీసుకుంటాను, అదీ పై పలక తీసి ఆ రెండు గూళ్లలో ఎంత దుమ్ముందో చూశాకే బేరం మొదలుపెడతాను.