చెయ్యి కదిపి తీసే ఫొటో

కెమెరా కదిలితే ఫొటో పాడైపోతుందనే మనమంతా మొదట నేర్చుకుంటాం, ఊపిరి బిగబట్టి మరీ బటన్ నొక్కుతాం. కొందరు మాత్రం వెలుగును లోపలికి వదిలే షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ కెమెరాను కావాలనే ఊపుతారు. ఈ పద్ధతిని ఐసీఎం అంటారు, అంటే ఇంటెన్షనల్ కెమెరా మూవ్‌మెంట్. ఫొటోగ్రాఫర్ ఎర్న్‌స్ట్ హాస్ 1950లలోనే ఎద్దుల పోరాటాలను స్లో షట్టర్‌తో రంగుల్లో ఇలా అలికినట్టు తీశాడు.

అలుక్కుపోయినట్టు కనిపించినా దాని వెనక లెక్క ఉంది. సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్, షట్టర్ మూసుకునేదాకా తన మీద పడిన వెలుగునంతా కూడబెట్టుకుంటుంది. కెమెరాను పైనుంచి కిందికి కదిపితే ఆ దారిలో ఉన్నవన్నీ ఒకే పిక్సెల్ మీదుగా వెళ్తాయి, వాటన్నిటి సగటే చివరికి మిగిలే రంగు. నిటారుగా ఉన్న చెట్టు మాను పొడుగునా రంగు దాదాపు ఒకటే కాబట్టి ఎంత కలిపినా పెద్దగా మారదు, అంచులు నిలబడతాయి. ఆకులు, అడ్డకొమ్మలు, బెరడు గరుకు కరిగిపోతాయి. అలాంటి చెట్ల తోపునే కెమెరాను పక్కకి తిప్పుతూ తీయండి, మానులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి బురదలా తయారవుతుంది! సముద్రమైతే గీతలన్నీ అడ్డంగా ఉంటాయి, పక్కకే తిప్పాలి. అందుకే నా మటుకు షట్టర్ స్పీడ్ కన్నా ముందు చూడాల్సింది, ఎదురుగా ఉన్న గీతలు ఎటు పోతున్నాయనే.

అర సెకను షట్టర్‌తో మొదలెట్టొచ్చు. కానీ మిట్టమధ్యాహ్నం ఎండలో, వెలుగుకి కెమెరా స్పందనను (ఐఎస్ఓ) 100కి తగ్గించి, లెన్స్ రంధ్రాన్ని ఎఫ్ 16 దాకా చిన్నది చేసినా షట్టర్ తెరిచి ఉండాల్సింది సెకనులో వందో వంతే, అంతలో చెయ్యి ఎంతని కదులుతుంది? లెన్స్‌కి వెలుగును 64వ వంతుకి తగ్గించే నల్లద్దం, అంటే ఎన్‌డీ ఫిల్టర్, తగిలిస్తే 0.6 సెకను దొరుకుతుంది. లేదంటే పొద్దు వాలేదాకా ఆగండి, ఖర్చుండదు. చేతి వణుకును సర్దే స్టెబిలైజేషన్ ఆపేయండి, లేకపోతే మీరు కదిపేదాన్ని అది సరిదిద్దబోతుంది.

బటన్ నొక్కకముందే చెయ్యి కదలడం మొదలవ్వాలి, షట్టర్ మూసుకున్నాక కూడా ఆగకూడదు. ఎందుకంటే చెయ్యి నెమ్మదించిన చోట వెలుగు ఎక్కువసేపు పడుతుంది, పెన్ను ఆపిన చోట సిరా ఊరినట్టు. రాత్రి దీపాల్ని తీస్తే ఇది ఇట్టే తెలుస్తుంది. 50 హెర్ట్జ్ కరెంటు మీద వెలిగే చాలా దీపాలు సెకనుకి 100 సార్లు మినుకుమంటాయి, మన కంటికి ఆనదంతే. ఫొటోలో వాటి గీత ముక్కలుముక్కలుగా పడుతుంది. ఆ ముక్కలు దగ్గరపడ్డ చోటల్లా మీ చెయ్యి తటపటాయించిందన్నమాట.