మొగ్గ దాక్కునే చోటు

గడ్డిని ఎన్నిసార్లు కోసినా తిరిగి ఎదుగుతుంది గానీ, పొద్దుతిరుగుడు మొలకను ఒక్కసారి నేలమట్టానికి కోస్తే ఎందుకు చచ్చిపోతుందని ఒక పాఠకురాలు అడిగారు. మొగ్గ ఎక్కడ ఉన్నదన్న దానిలోనే తేడా అంతా ఉంది. మొక్క ఒళ్లంతా ఒకే తీరుగా పెరగదు. విభాజ్య కణజాలం ఉన్న కొద్ది చోట్లలోనే కొత్త కణాలు పుడతాయి. పొద్దుతిరుగుడు మొలకలో ఈ చోట్లు కాండం కొసన, ఆకుల మొదళ్ల దగ్గర, అంటే బీజదళాల (మొలక తొలి ఆకుల) నుంచి పైకి ఉంటాయి కనుక, కత్తి వాటి కిందుగా పోయిందంటే మిగిలేది మొగ్గలేని మోడు మాత్రమే.

గడ్డి సంగతి వేరు. ఎదిగిన గడ్డి కాడను కణుపుకు పైన పట్టుకుని మెల్లగా లాగితే తొడుగులోంచి జారి వస్తుంది. దాని అడుగు చివర పాలిపోయి, మెత్తగా, చెమ్మగా కనిపిస్తుంది. కాడ పొడుగు సాగేది అక్కడి నుంచే. ఆకు కూడా అంతే, మొదలు దగ్గర పెరుగుతూ పాత భాగాన్ని పైకి నెడుతుంది. లేత ఆకు కొసను కత్తిరించి, దాని కింద సిరాతో ఒక చుక్క పెడితే, రోజులు గడిచేకొద్దీ చుక్కా మొండి కొసా కలిసి పైకి పోతాయి, కొస మాత్రం మళ్లీ మొనదేలదు. పశువు కొరికినా యంత్రం కోసినా పోయేది పాత ఆకే.

20వ శతాబ్దపు తొలి దశకాలలో డెన్మార్క్ వృక్షశాస్త్రజ్ఞుడు క్రిస్టెన్ రౌన్‌కియర్ ప్రపంచంలోని మొక్కలను ఈ ఒక్క ప్రశ్నతో వర్గీకరించాడు: గడ్డుకాలంలో మొగ్గ ఎక్కడ తలదాచుకుంటుంది? ఎత్తున కొమ్మలపైనా, నేలకు జానెడు ఎత్తులోనా, సరిగ్గా నేలమట్టంలోనా, మట్టి లోపలి దుంపలోనా, లేక విత్తనంలోనా? తరగతి గదుల్లో దీన్ని ఐదు గ్రీకు పేర్ల పట్టికగా బట్టీ పట్టిస్తారు తప్ప ప్రశ్నను చెప్పరు. ప్రశ్న పోయాక ఆ పేర్లలో మిగిలేదేమీ లేదు. రౌన్‌కియర్ దృష్టిలో ఉన్నవి ముఖ్యంగా చలీ, ఎండా. కానీ ఈ ప్రశ్న అసలు పదును తెలిసేది నిప్పు దగ్గర.

సజీవ కణజాలం సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర చనిపోతుంది. గడ్డి మంట వేడి కొన్ని వందల డిగ్రీలు ఉన్నా అది త్వరగా దాటిపోతుంది, పైగా మట్టి వేడిని తేలికగా లోపలికి పోనివ్వదు; అందువల్ల కొన్ని సెంటీమీటర్ల లోతున ఉన్న మొగ్గకు పైన మంట వచ్చిందనే తెలియదు. చెట్టుకు ఆ రక్షణ బెరడు. బెరడు గుండా వేడి లోపలికి చేరే సమయం మందానికి కాక మందం వర్గానికి అనుపాతంలో ఉంటుంది: మందం రెట్టింపైతే చెట్టు నాలుగింతల సేపు, మూడింతలైతే తొమ్మిదింతల సేపు తట్టుకుంటుంది. అర సెంటీమీటరు తేడాతో చావుబతుకులు తేలిపోయేది ఇందుకే. యూకలిప్టస్ చెట్లలోనైతే మొగ్గలుగా మారగల కణాలు బెరడులో బాగా లోతుగా ఉంటాయి కాబట్టి, నల్లగా మాడిన మాను కొన్ని వారాల్లో కింది నుంచి పైదాకా చిగుళ్లు తొడుక్కుంటుంది. కాలిన చెట్టు చిగిర్చిందంటే మహిమ అని మొక్కేవారికి ఆ బెరడును ఒకసారి కోసి చూపించాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఆఫ్రికా సవానాలలో, అంటే అక్కడక్కడా చెట్లున్న పచ్చిక బయళ్లలో, ఈ లెక్క మొక్కల సముదాయాన్నే నిర్ణయిస్తుంది. పలుచని బెరడున్న చెట్టు పిల్ల ప్రతి మంటలోనూ నేలదాకా కాలి, వేరులో దాచుకున్న పిండిపదార్థంతో మళ్లీ చిగురిస్తుంది. రెండు మంటల నడుమ దొరికిన వ్యవధిలో మంట ఎత్తును దాటలేకపోతే ఏళ్ల తరబడి పొదగానే ఉండిపోతుంది. కొన్ని జాతులు ఆ పోటీనే మానుకుని కాండాన్ని భూమిలోనే ఉంచుకున్నాయి. నేల మీద అడుగు ఎత్తు రెమ్మలు మాత్రమే కనిపించే ఈ చెట్లను 1976లో వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రాంక్ వైట్ ‘ఆఫ్రికా భూగర్భ అరణ్యాలు’ అన్నాడు. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లకు సుమారు 280 పాళ్లున్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. అక్కడి గడ్డి జాతులు ఈ వాయువును తమ ఆకుల్లోనే కూడబెట్టుకోగలవు కనుక వాటికి దీనివల్ల పెద్దగా లాభం లేదు. చెట్టు పిల్లలకు మాత్రం వేరులో పిండిపదార్థం పెరిగి, మంట ఎత్తును త్వరగా దాటే వీలు కలుగుతుంది. పచ్చిక బయళ్లు పొదలతో కమ్ముకుపోవడానికి ఇదొక కారణమని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

మొగ్గను అసలు కాపాడుకోని జాతులూ ఉన్నాయి. లాడ్జ్‌పోల్ పైన్ చెట్టు మంటలో చనిపోతుంది. దాని భవిష్యత్తంతా బంకతో మూసుకున్న శంకువుల్లో (విత్తనాలుండే కాయల్లాంటి వాటిలో) కొమ్మల మీదే ఉంటుంది. వేడికి బంక కరిగి, విత్తనాలు బూడిదలో రాలుతాయి. ఈ ఏర్పాటుకు మంటల మధ్య ఎడం కావాలి. అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ వనంలో 1988 నాటి మంటల తరువాత దట్టంగా మొలిచిన పైన్ వనాలు కొన్ని 2016లో మళ్లీ కాలాయి. అప్పటికి 28 ఏళ్ల చెట్లే. మూసుకున్న శంకువులు తగినన్ని తయారుకాలేదు. ఈసారి లేచిన మొలకలు మునుపటి కంటే ఎంతో తక్కువ.