కోపానికి డిప్రెషన్ మాత్ర పనిచేస్తుందా?

ఫోన్ ఎత్తలేదని పది నిమిషాల్లో ముప్పై మెసేజ్‌లు, తిట్లు, ఫోను గోడకేసి కొట్టడం. గంట తిరక్కుండానే "నన్ను వదిలెయ్యకు" అని ఏడుపు. బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ (భావాలు, సంబంధాలు నిలకడ లేకుండా ఊగిపోయే వ్యక్తిత్వ రుగ్మత) ఉన్నవారి ఇంట్లో ఇది తెలిసిన దృశ్యమే. దీన్ని పొగరు అనడం అన్యాయం. చాలాసార్లు ఆ కోపం అడుగున ఉండేది వదిలేస్తారేమోనన్న భయం.

మెదడులోని సెరటోనిన్ అనే రసాయనపు వ్యవస్థకూ దుడుకుతనానికీ సంబంధం కనిపించడంతో డిప్రెషన్ మందులను కోపానికి వాడి చూశారు. 1997లో కొకారో, కవూసీ అనే పరిశోధకులు వ్యక్తిత్వ రుగ్మతతో పాటు ఆవేశం ఎక్కువగా ఉన్న 40 మందిపై ఫ్లూక్సెటిన్ అనే డిప్రెషన్ మందును ఉత్తుత్తి మాత్రతో పోల్చారు. మందు వాడినవారిలో చిరాకు, దూకుడు తగ్గాయి. కానీ 2002లో నెదర్లాండ్స్‌లో బోర్డర్‌లైన్ ఉన్న 38 మంది స్త్రీలకు అదే కోవకు చెందిన ఫ్లూవోక్సమిన్ ఇచ్చి చూస్తే మూడ్ ఎగుడుదిగుళ్లు తగ్గాయి గానీ దూకుడులో తేడా రాలేదు. పాత డిప్రెషన్ మందు అమిట్రిప్టిలిన్‌తోనైతే కొందరిలో శత్రుభావం పెరిగింది కూడా. ఈ రుగ్మతకు గానీ, దాని విడి లక్షణాలకు గానీ ప్రత్యేకించి మందులు వాడొద్దని బ్రిటన్ మార్గదర్శకాలు 2009లోనే చెప్పాయి. అసలు చికిత్స డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) లాంటి మాటల చికిత్సే. డిప్రెషన్ కూడా తోడైతే మాత్రం మాత్రకు గట్టి కారణం ఉన్నట్టే.

డాక్టరు ఫ్లూక్సెటిన్ రాస్తే సాధారణంగా పొద్దున 20 మిల్లీగ్రాములతో మొదలవుతుంది. రాత్రి వేసుకుంటే కొందరికి నిద్ర పట్టదు. గుణం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చిక్కంతా మొదటి రెండు వారాల్లోనే: ఒకచోట కూర్చోలేకపోవడం, కాళ్లు ఊరికే కదలడం, ఉన్న చిరాకు రెట్టింపవడం. జబ్బు ముదిరిందనుకుని ఇంట్లోవాళ్లు ఇంకో మాత్ర వేస్తారు. అలా చేయకూడదు, వెంటనే డాక్టరుకు చెప్పాలి. పాతికేళ్ల లోపువారిలో చావు ఆలోచనలు పెరగవచ్చు. నిద్ర లేకున్నా హుషారు పొంగుతుంటే బైపోలార్ (అతి హుషారు, దిగులు విడతలుగా వచ్చే జబ్బు) అనుమానించాలి.

మాత్ర మొదలుపెట్టే ముందే వారం రోజులు నోటుపుస్తకంలో రాయండి: కోపం ఎన్నిసార్లు, ఎంతసేపు, తీవ్రత పదికి ఎంత, దానికి ముందు ఏం జరిగింది. పన్నెండో వారంలో మళ్లీ రాసి పోల్చండి. తేడా లేకపోతే డాక్టరు చెప్పినట్టు మెల్లగా ఆపాలి. పాతది ఆపకుండా పైన కొత్తది చేర్చుకుంటూ పోవడం వల్లే చీటీలో ఐదారు మందులు పేరుకుంటాయి. పరాక్సెటిన్ అనే ఇంకో డిప్రెషన్ మందు ఒక్కసారిగా మానితే తల తిరుగుడు, తలలో షాకు కొట్టినట్టు జిల్లులు వస్తాయి. ఫ్లూక్సెటిన్ ఒంట్లో వారాల తరబడి నిలుస్తుంది కనుక ఆ బాధ తక్కువ.

ఆవేశంలో గుప్పెడు మాత్రలు మింగే ప్రమాదం ఉంది. అమిట్రిప్టిలిన్ అలా మింగితే గుండె లయ తప్పుతుంది. అందుకే ఒకేసారి వారానికి సరిపడానే తెచ్చి, ఇంకొకరి దగ్గర ఉంచండి. అత్యవసరమైతే 112కు, మాట సాయానికి ఏ వేళైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి.