“కోడ్ ముట్టుకోలేదండీ, కంపైల్ చేశానంతే!” - ఏఎస్/400 అపోహలు, వాస్తవాలు

మొన్న రాత్రి పదిన్నరకి గుంటూరు నుంచి ఏఎస్/400 (ఐబీఎం వారి వ్యాపార కంప్యూటర్) మీద పనిచేసే మా టీమ్ కుర్రాడు ఫోన్ చేశాడు. “సార్, పొద్దున స్క్రీన్‌లో మార్చిన స్టాక్ అంతా సాయంత్రానికి పాత లెక్కకి వచ్చేసింది. నేను కోడ్ ముట్టుకోలేదండీ, కంపైల్ చేశానంతే.” గొంతులో వణుకు తెలుస్తోంది. ఉద్యోగం పోతుందా అని కూడా అడిగాడు, పాపం.

అపోహ: సోర్స్ మారకపోతే ప్రోగ్రామ్ మారదు.

మారుతుంది. బంగారంలా మారుతుంది. ఎస్‌క్యూఎల్ కలిపి రాసిన ఆర్‌పీజీ (ఏఎస్/400లో వాడే ప్రోగ్రామింగ్ భాష) సోర్స్ మీద పీడీఎంలో (సోర్స్ జాబితా స్క్రీన్‌లో) కంపైల్ ఆప్షన్ 14 కొట్టి ఎంటర్ నొక్కితే కమిట్ పరామీటర్ *చేంజ్ పడుతుంది, కమాండ్ డిఫాల్టే అది. అంటే కమిట్ అని చెప్పేదాకా మార్పులు ఖాయం కావు. ఇంతకుముందు చూసినాయన ప్రతిసారీ ఎఫ్4 నొక్కి *నన్ (మార్పు వెంటనే ఖాయం) అని మార్చేవారట. ఆ సంగతి ఆయన బుర్రలో తప్ప ఎక్కడా లేదు. ఆయన మానేసి వెళ్లారు, బుర్ర కూడా పట్టుకెళ్లారు.

ఫైల్‌కి జర్నల్ (మార్పుల చిట్టా) లేకపోతే ఒక రకంగా అదృష్టం: అప్‌డేట్ దగ్గరే ఎస్‌క్యూఎల్ ఎర్రర్ కోడ్ మైనస్ 7008 వస్తుంది, ఆ కోడ్ చెక్ చేసే అలవాటుంటే వెంటనే దొరుకుతుంది. జర్నల్ ఉంటేనే ముప్పు. అప్‌డేట్ అవుతుంది, అదే జాబ్‌లో చూస్తే కొత్త సంఖ్యే కనిపిస్తుంది. ప్రోగ్రామ్‌లో కమిట్ ఎక్కడా లేదు కాబట్టి రికార్డు లాక్‌లోనే ఉంటుంది, పక్కవాళ్లు అదే రికార్డు కోసం నిరీక్షిస్తారు. యూజర్ సైనాఫ్ చేశాక మొత్తం రోల్‌బ్యాక్, అంటే పాత లెక్కకి. మావాడికి జరిగింది ఇదే.

వాట్సాప్ గ్రూపులో అప్పటికే “పీటీఎఫ్ వేశాక ఇంతే” అని మొదలెట్టారు. పీటీఎఫ్ అంటే ఐబీఎం ఇచ్చే ప్యాచ్, దానికి దీంతో ఏం పనండీ? ప్రింట్ ఎస్‌క్యూఎల్ ఇన్ఫర్మేషన్ కమాండ్ కొడితే ఆ ప్రోగ్రామ్ ఏ ఆప్షన్లతో పుట్టిందో స్పూల్‌లో (ప్రింట్ ఫైల్‌లో) వస్తుంది. అర నిమిషం పని.

పదిహేనేళ్ల కిందట నేనూ ఇదే చేశాను. ఆటోనగర్‌లో టీకొట్టు దగ్గర మా సీనియర్ విని, “చేతి అలవాటుని నమ్ముకుంటే ఎట్టా అబ్బాయ్, సోర్స్‌లో రాసి పారెయ్” అన్నారు. అంతే, సెట్ ఆప్షన్ కమిట్ = *నన్. మిగతా ఎస్‌క్యూఎల్ స్టేట్‌మెంట్లన్నిటికంటే ముందు ఉండాలి. మావాడు దాన్ని ఎవరూ పిలవని సబ్‌రొటీన్‌లో పెట్టి “పనిచేస్తుందా సార్?” అన్నాడు. చేస్తుంది, అది రన్ అయ్యేది కాదు, ప్రీకంపైలర్ (కంపైలర్ కంటే ముందు ఎస్‌క్యూఎల్ చూసేది) చదువుకునేది. అయితే *నన్ అందరికీ మందు కాదు. హెడర్, డీటెయిల్ రికార్డులు రెండూ కలిసి పడాల్సిన చోట *చేంజ్ ఉంచి, కమిట్ మీరే రాయండి.

మిగతావి గబగబా.

కంట్రోల్ ఆప్ట్ (సోర్స్ మొదట్లో కంపైల్ ఆప్షన్లు రాసే లైన్) ఉంటే ఎస్‌క్యూఎల్ ఆప్షన్లూ అదే చూస్తుందా? చూడదు, అది ఆర్‌పీజీ కంపైలర్‌ది. కమాండ్‌లో ఒకటి, కంట్రోల్ ఆప్ట్‌లో ఒకటి ఉంటే? కంట్రోల్ ఆప్ట్‌దే పైచేయి. డీబగ్ వ్యూ (డీబగ్‌లో సోర్స్ ఎలా కనిపించాలో చెప్పే ఆప్షన్) కూడా అందులో పెట్టొచ్చా? లేదు, అది కమాండ్‌లోనే ఇవ్వాలి. ఆఫీసంతటికీ ఆర్‌పీజీఎల్‌ఈహెచ్‌స్పెక్ డేటా ఏరియా (అందరికీ ఒకే కంపైల్ ఆప్షన్లు దాచే చోటు) పెట్టాం కదా అంటారు కొందరు. సోర్స్‌లో ఒక్క హెచ్ లైన్ (కంట్రోల్ ఆప్ట్‌కి పాత రూపం), ఖాళీదైనా సరే, ఉంటే కంపైలర్ ఆ డేటా ఏరియా మొహం కూడా చూడదు.