అక్షరాల్లోంచి ఇంగ్లీషు పదాలు వెతకడం: అపోహలు, వాస్తవాలు

అమలాపురంలో బ్యాంకు, ఎస్సెస్సీ (స్టాఫ్ సెలెక్షన్ కమిషన్) పరీక్షల పిల్లలకు రీజనింగ్ చెబుతాను. ఖాళీ దొరికితే స్క్రాబుల్, అంటే అక్షరాల బిళ్ళలతో పదాలు పేర్చే ఆట, ఆడతాను. రెండు చోట్లా పని ఒకటే, ఇచ్చిన అక్షరాల్లో ఏ పదాలు దాక్కున్నాయో పట్టుకోవడం. దీని చుట్టూ చాలా అపోహలు పేరుకున్నాయి. క్లాసులో తరచూ వినేవి కొన్ని రాస్తున్నాను.

అపోహ: ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళకే ఇది వస్తుంది.

"ఆయ్, మాది తెలుగు మీడియమండి, ఈ బిట్లు వదిలేస్తామండి" అంటారు. వదలక్కర్లేదు. న్యూజిలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్‌కు ఫ్రెంచిలో మాట్లాడటం రాదు, అయినా 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ టైటిల్ గెలిచాడు. 2024లో స్పానిష్‌లోనూ అదే పని చేశాడు. పదాల స్పెల్లింగులు బుర్రలో పెట్టుకున్నాడు, అర్థాల జోలికి పోలేదు. అంత జ్ఞాపకశక్తి మనకు లేదనుకోండి, పరీక్షకు అంత అక్కర్లేదు కూడా.

పరీక్షలో అడిగేది సాధారణంగా ఇలా ఉంటుంది: ఫలానా పదంలోని అక్షరాలతో కింది వాటిలో ఏది తయారు కాదు? మన గోదావరినే తీసుకోండి. జి, ఓ, డి, ఏ, వి, ఏ, ఆర్, ఐ. ఆప్షన్లు రేడియో, అవాయిడ్, డ్రాగ్, రాడార్. క్లాసులో సగం మంది నాలుగూ వస్తాయని తేల్చేస్తారు. రాడార్‌లో ఉన్న ఆర్, ఏ, డి మూడూ గోదావరిలో ఉన్నాయి, ఏ రెండుసార్లు ఉంది కూడా. కానీ ఆర్ ఒక్కటే ఉంది, రాడార్‌కు రెండు కావాలి. జవాబు అదే. ఇందులో ఇంగ్లీషు ఏముంది? లెక్క ఉంది. నా క్లాసులో నియమం ఒకటే: ఆప్షన్‌లో రెండుసార్లు వచ్చిన అక్షరం ఉంటే ముందు దాన్నే లెక్కపెట్టండి. మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

అపోహ: అక్షరాలను అన్ని రకాలుగా తిప్పి చూడాలి. అది కంప్యూటర్‌కే సాధ్యం.

వేర్వేరు అక్షరాలు ఏడుంటే వాటిని 5,040 రకాలుగా పేర్చవచ్చు. ఎనిమిదైతే 40,320. అంత తిప్పడం దండగ, బాగా రాసిన ప్రోగ్రామ్ కూడా ఆ పని చేయదు. డిక్షనరీలోని ప్రతి పదంలో అక్షరాలను ముందే ఏబీసీడీల వరసలో పేర్చి పెట్టుకుంటుంది. లిజన్ అనే పదాన్ని అలా పేరిస్తే ఈ, ఐ, ఎల్, ఎన్, ఎస్, టి వస్తుంది. సైలెంట్, ఎన్‌లిస్ట్, టిన్సెల్, ఇన్‌లెట్స్ పేర్చినా అదే వరస. మీరిచ్చిన అక్షరాలనూ అలాగే పేర్చి, ఆ వరస కింద ఏమున్నాయో చూపించేస్తుంది. ఒక్క చూపులో పని అయిపోతుంది.

మనం చేతితో చేసేటప్పుడు దారి వేరు. ఐ-ఎన్-జి ఉంటే పక్కకు తీసి పెట్టండి, మిగిలిన వాటితో మొదటి సగం వెతకండి. ఈ-డి, ఆర్-ఈ, యు-ఎన్ కూడా అలాగే. రెండోది, అక్షరాలను వరసగా కాకుండా రఫ్ పేపర్ మీద గుండ్రంగా రాయండి. ఒకసారి పదంగా చదివాక కన్ను దాన్నే మళ్ళీ మళ్ళీ చదువుతుంది. డెల్టాలో పుట్టి పెరిగిన మనకు ఆ ఐదక్షరాల్లోనే డెల్ట్ (పేకముక్కలు పంచడమే) ఉందని తట్టదు. చివర ఎస్ చేరిస్తే లాస్టెడ్, స్లేటెడ్, స్టేల్డ్, డీసాల్ట్, సాల్టెడ్ అన్నీ వస్తాయి. సముద్రం పక్కన ఉప్పుగాలి పీల్చే మాకు సాల్టెడ్ అన్నా ముందు తట్టాలి, అదీ తట్టదు!

అపోహ: "ఈ అక్షరాలున్న పదాలు" అంటే ఒకటే ప్రశ్న.

తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. నరసాపురం లేసు అందరికీ తెలుసు కాబట్టి ఎల్, ఏ, సి, ఈ తీసుకుందాం. ఆ నాలుగే వాడి ఇంకో పదం చెప్పమంటే అలెక్ తప్ప పెద్దగా ఏమీ దొరకదు, అది పరీక్షల్లో కనిపించే పదమూ కాదు. ఆ నాలుగూ ఉండాలి, ఇంకొకటి కలుపుకోవచ్చు అంటే వరద పారుతుంది: క్లీన్, క్లియర్, కేబుల్, కామెల్, స్కేల్, ప్లేస్. ఆ నాలుగూ అదే వరసలో పక్కపక్కనే ఉండాలంటే క్లీన్, కేబుల్ పోతాయి. ప్లేస్ మిగులుతుంది, ప్యాలెస్, నెక్లెస్, సోలెస్ కొత్తగా చేరతాయి. నాలుగింటిలో కొన్నే వాడినా చాలంటే ఏల్, ఏస్ లాంటి చిన్నవి వస్తాయి. పదాలు వెతికే యాప్‌లో ఏ గడిలో అక్షరాలు కొడుతున్నారో చూడకుండా "ఈ యాప్ తప్పులు చూపిస్తోంది మేష్టారూ" అంటే నేనేం చెప్పను?

అపోహ: సులువైన అక్షరాలతో మొదలుపెట్టాలి.

తిరగేయండి. అరుదైనదాన్ని ముందు పట్టుకోండి. స్క్రాబుల్ కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ బట్స్ న్యూయార్క్‌లో ఆర్కిటెక్ట్. 1930లలో వార్తాపత్రికల పేజీల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టాడు. ఇప్పటి ఇంగ్లీషు సెట్టులో 100 బిళ్ళలుంటే 'ఈ' అనే అక్షరానివి 12 ఉన్నాయి. జె, కె, క్యూ, ఎక్స్, జడ్ తలా ఒక్కటే. 'ఈ' ఉన్న పదాలు కొల్లలు కాబట్టి దాంతో మొదలుపెడితే దారి తెన్నూ ఉండదు. ఎక్స్ అలా కాదు. అది సాధారణంగా ఎగ్జామ్‌లోలా 'ఈ' వెనకో, ట్యాక్స్, బాక్స్‌లోలా పదం చివరో కూర్చుంటుంది. చోటు దొరికితే సగం పని అయినట్టే.

ఇక వాట్సాప్‌లో తిరిగేవి. క్యూ పక్కన యు ఉండి తీరాలట. ఫకీర్, బుర్ఖా, తలాక్, ఖవ్వాలీ మనకు తెలిసిన మాటలే, ఇంగ్లీషులో యు లేకుండా క్యూతో రాస్తారు, స్క్రాబుల్‌లో చెల్లుతాయి కూడా. అచ్చు లేకుండా పదం ఉండదట. రిథమ్ స్పెల్లింగ్ రాసి చూడండి, ఏ, ఈ, ఐ, ఓ, యు ఒక్కటీ లేదు. కీబోర్డు పై వరసతోనే వచ్చే పదాల్లో టైప్‌రైటర్ అన్నిటికంటే పొడుగట. టైపు ఇన్‌స్టిట్యూట్ల కాలం నుంచి ఉన్న మాట ఇది. ప్రొప్రైటర్, రెపర్టాయర్, పర్పెచ్యువిటీ కూడా ఆ వరసవే, అవీ పదక్షరాలవే. రప్చర్‌వర్ట్ అనే మొక్క పేరుకు పదకొండు. జి-ఆర్-వై తో ముగిసే మూడో పదం చెప్పమనే పొడుపుకథ కూడా వస్తుంటుంది. రోజూ వాడే వాటిలో యాంగ్రీ, హంగ్రీ రెండే ఉన్నాయి, మూడోదాని కోసం నిద్ర పాడుచేసుకోకండి.

అపోహ: యాప్ చూపించిందే ఫైనల్.

యాప్ వెనక ఏ పదాల జాబితా ఉందో దాన్ని బట్టి జవాబు మారుతుంది. డిక్షనరీలు అచ్చేసే కాలిన్స్ వారి 2019 స్క్రాబుల్ జాబితాలో 2,79,000కు పైగా పదాలున్నాయి, రెండక్షరాలవే 127. అమెరికా ఆటగాళ్ళ జాబితా దీనికంటే చిన్నది. అమెరికా స్పెల్లింగుకూ బ్రిటన్ స్పెల్లింగుకూ తేడా ఉండనే ఉంది. డి, ఓ, ఎస్, ఏ ఇస్తే సోడా ఎక్కడైనా వస్తుంది. దోశ మాత్రం కాలిన్స్‌లో వస్తుంది, పాత జాబితా పెట్టుకున్న యాప్‌లో రాకపోవచ్చు. రాలేదని దోశ తప్పు కాదు. కానీ పరీక్ష హాల్లో దానికోసం వాదించలేం, అక్కడ సోడా పెట్టి ముందుకెళ్ళండి. స్క్రాబుల్ పోటీకైతే బిళ్ళల సంచి తెరవకముందే ఏ జాబితా వాడుతున్నారో అడిగి రాసుకోండి.