మెట్ల మీద ఆయాసం

సత్యనారాయణపురం,
విజయవాడ.

చిరంజీవులు బుజ్జికీ, చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఇంద్రకీలాద్రి మెట్లు పోటీపడి ఎక్కి, సగంలోనే రొప్పుతూ కూలబడ్డారు కదా. "కాళ్లెందుకు బరువెక్కాయి తాతయ్యా?" అని చిన్నోడు అడిగాడు. నాకే ఊపిరి సలపక అప్పుడు చెప్పలేకపోయాను.

ఆక్సిజన్ శక్తినిస్తుందని చాలామంది అంటారు. నాకా మాట నచ్చదు. శక్తి ఉన్నది మీరు తిన్న ఇడ్లీలో. అది గ్లూకోజై కణంలోకి చేరుతుంది. గ్లూకోజు విడిపోతున్నప్పుడు వచ్చే ఎలక్ట్రాన్లు కణంలోని మైటోకాండ్రియా అనే బుల్లి శక్తి కేంద్రాల్లో చేతులు మారుతూ పోతాయి. స్లాబు పోసే రోజు కూలీలు తట్టలు అందించుకుంటారే, అలాగన్నమాట. పైన చివరి తట్ట అందుకునే మనిషి లేకపోతే కింద వరసంతా ఆగిపోదూ? ఆ చివరి మనిషే ఆక్సిజన్. ఎలక్ట్రాన్లను అందుకుని నీరుగా మారుతుంది.

వరస సాగితే ఒక్క గ్లూకోజు అణువుతో 30 దాకా ఏటీపీలు వస్తాయి. ఏటీపీ అంటే కణం ఖర్చుపెట్టుకునే చిల్లర. ఆక్సిజన్ అందకపోతే దక్కేవి 2. మీ కండరాలు అడిగినంత వేగంగా అది అందలేదు. అయినా పని ఆపకుండా, గ్లూకోజును సగంలోనే విరిచి లాక్టేటుగా మార్చి నెట్టుకొచ్చాయి. మొదటి కొన్ని క్షణాలు మాత్రం కండరంలో నిల్వ ఉండే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఆదుకుంటుంది. 1927లో హార్వర్డులో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి దాన్ని బయటపెట్టినాయన మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు! కూర్చున్నాక కూడా మీరు రొప్పడానికి ఒక కారణం, ఆ ఖర్చయిన నిల్వను మళ్లీ నింపుకోవాల్సి రావడం. మెదడుకు ఇలాంటి సర్దుబాటు చేతకాదు. కొద్ది నిమిషాలు ఆక్సిజన్ అందకపోతే దెబ్బతింటుంది.

ఒక వింత చెప్పనా? ఒళ్లంతటికీ ఆక్సిజన్ మోసే ఎర్ర రక్తకణాలకు మైటోకాండ్రియాలే లేవు. మోసే సరుకును తాము ముట్టకుండా, ఆ 2 ఏటీపీలతోనే సుమారు 120 రోజులు బతుకు వెళ్లదీస్తాయి.

బుజ్జీ, మర్నాడు తొడలు పట్టేశాయని ఏడ్చావు. లాక్టేటు వల్లేనని ఎవరైనా చెబితే నమ్మకు, అది గంటా రెండు గంటల్లోనే సర్దుకుంటుంది. ఆ నొప్పి కండరపు పోగులు సన్నగా చిట్లడం వల్ల. అదీ మెట్లు ఎక్కినందుకన్నా దిగినందుకే ఎక్కువ. రెండు మూడు రోజుల్లో దానంతటదే పోతుంది. తన నువ్వులనూనె మర్దనాతోనే తగ్గిందని అమ్మమ్మ అంటే మాత్రం ఎదురు చెప్పకండి.

మీ తాతయ్య